చెక్ అనే మాటలో దాక్కున్న రాజు

(ప్రసంగ పాఠం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం, అక్కడక్కడా తడబాట్లు మాత్రం తీసేశాం.)

హలో... చెక్, చెక్... వెనక వరసలో వాళ్ళకి వినబడుతోందా? వినబడితే ఒకసారి చెయ్యెత్తండి. సరే, బావుంది. మైకు ముందుకొచ్చిన ప్రతివాడూ మొదట అనే మాట అదే కదా. ఇవాళ నేను మాట్లాడబోయేదీ దాని గురించే. మైకు గురించి కాదు, చెక్ గురించి.

దీని వెనకాల పడటానికి కారణం ఒక పరువు తక్కువ సంగతి. ముందు అది చెప్పేస్తాను. అనువాదాల పనిలో కొత్తగా చేరిన రోజుల్లో నాకు ఒక వార్తాకథనం ఇచ్చారు, అడవిలో అగ్నిప్రమాదం గురించి. అందులో 'ది ఫైర్ స్ప్రెడ్ అన్‌చెక్డ్' అని ఒక వాక్యం. చెక్ అంటే తనిఖీ, అన్ అంటే లేకుండా, ఆ మాత్రం ఇంగ్లీషు మనకూ వచ్చు కదా అని 'ఎవరూ తనిఖీ చేయకపోవడంతో మంటలు వ్యాపించాయి' అని రాసిచ్చేశాను. మంటల్ని తనిఖీ చేసేది ఎవరండీ? (నవ్వులు) ఆ ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు. ప్రూఫు చూసిన పెద్దాయన ఆ వాక్యం కింద గీత గీసి, పక్కన మార్జిన్‌లో 'చెక్' అని ఒక్క ముక్క రాసి పంపారు. ఆయన ఉద్దేశం 'బాబూ, ఇది ఇంకోసారి చూసుకో' అని. నేనేం అనుకున్నానంటే, అమెరికావాళ్ళు టిక్కుమార్కుని చెక్‌మార్క్ అంటారని అంతకు రెండు రోజుల ముందే ఎక్కడో చదివాను, కొత్తగా తెలిసిన విషయం ఎక్కడో ఒకచోట వాడేదాకా మనసు ఊరుకోదు కదా, 'ఓహో, టిక్కు పెట్టారన్నమాట, బావుందన్నారు' అనుకుని అలాగే పంపించేశాను. అచ్చయిపోయింది. ఒకే వాక్యం దగ్గర ఒకే మాట చేతిలో రెండుసార్లు బోల్తా పడ్డాను.

తిట్లన్నీ తిన్నాక ఇంటికెళ్ళి నిఘంటువు తీశాను. చూస్తే ఏముంది అందులో? ఆపడం. అదుపులో పెట్టడం. సరిచూడటం. బట్ట మీద గళ్ళు. బ్యాంకు చెక్కు. అమెరికాలో అయితే హోటల్లో తిన్నాక ఇచ్చే బిల్లు. టిక్కు. సామాను అప్పగిస్తే చేతికిచ్చే టోకెను. పేకాటలో పందెం పెంచకుండా ఊరుకోవడం. మంచు హాకీలో ఎదుటివాణ్ణి ఒంటితో గుద్ది ఆపడం. చదరంగంలో రాజుకి ఆపద. ఒకదానికీ ఇంకోదానికీ పొంతనే లేదు. ఇవన్నీ వేరువేరు మాటలై ఉంటాయి, ఏదో స్పెల్లింగ్ కలిసిపోయింది అనుకున్నాను. కాదట. అన్నీ ఒకే ఇంటి పిల్లలు. ఆ ఇంటి పెద్ద చదరంగం బల్ల మీద నిలబడ్డ రాజు.

అక్కణ్ణుంచే మొదలుపెడదాం. పారశీకంలో రాజుని 'షా' అంటారు, అది మీకందరికీ తెలుసు. ఈ ఆట మన వైపు చతురంగంగా పుట్టింది, అంటే ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం, ఆ నాలుగంగాల సైన్యం పేరు మీద. పారశీకులు నేర్చుకుని దాన్ని చత్రంగ్ అన్నారు, అరబ్బులు వాళ్ళ దగ్గర నేర్చుకుని శత్రంజ్ అన్నారు, వాళ్ళ నుంచి ఐరోపాకి వెళ్ళింది. పోతూ పోతూ కొన్ని చోట్ల సైన్యం పేరు పోయి రాజు పేరు మిగిలింది. ఎందుకంటే ఆట ఆడేటప్పుడు పదేపదే నోటికొచ్చే మాట రాజు పేరే. అవతలివాడి రాజు మీదికి నీ పావు గురి పెట్టిందనుకోండి, నువ్వు ఊరికే కూర్చోకుండా 'షా!' అని హెచ్చరించాలి. 'నీ రాజు, చూసుకో' అని. ఇప్పటి అంతర్జాతీయ పోటీల నియమాల్లో అలా అనాల్సిన పనేమీ లేదు, పైగా అరిస్తే పక్కవాళ్ళు చిరాకు పడతారు, కానీ అప్పట్లో అది మర్యాద.

ఆ 'షా' అన్న కేక మధ్యయుగపు లాటిన్‌లో 'స్కాకుస్' అయింది, పాత ఫ్రెంచిలో 'ఎస్చెక్' అయింది, తలకాయ తెగి ఇంగ్లీషులో 'చెక్' అయింది. దాని బహువచనం 'ఎస్చెస్' అరిగిపోయి 'చెస్' అయింది. అంటే చెస్ అనే మాటకి మూలార్థం 'రాజులు', ఇంకేం లేదు. జర్మన్‌వాళ్ళ 'షాఖ్', ఇటలీవాళ్ళ 'స్కాక్కి', ఫ్రెంచివాళ్ళ 'ఎషెక్', అన్నీ ఆ రాజుగారే. ఫ్రెంచిలో ఎషెక్ అంటే ఓటమి, వైఫల్యం అని కూడా అర్థం వచ్చేసింది, పాపం. రష్యావాళ్ళయితే ఆటనే 'షాఖ్మతి' అంటారు, అంటే ఆట మొత్తానికి ముగింపు పేరే పెట్టేశారు. స్పానిష్‌వాళ్ళూ పోర్చుగీసువాళ్ళూ మాత్రం మన చతురంగాన్నే పట్టుకున్నారు, అరబ్బుల శత్రంజ్ మీదుగా వాళ్ళకి అది 'అహెద్రెస్' అనీ 'షద్రేస్' అనీ చేరింది. తెలుగులో మనం చదరంగం అంటూ సైన్యంతోనే ఉండిపోయాం. ఇంకో సంగతి, అవతలివాళ్ళు రాణి అనే పావుని మనం మంత్రి అంటాం చూశారా, పారశీకులూ దాన్ని మంత్రి అనే అన్నారు. రాణి వచ్చింది ఐరోపాలో. కాబట్టి 'మీవాళ్ళు రాణిని మంత్రిగా మార్చేశారేంటి' అని ఎవరైనా అడిగితే మొహమాటపడకండి, మార్చింది వాళ్ళు.

చెక్‌మేట్ గురించి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు. 'షా మాత్'. రాజు చచ్చాడు అని దీనికి అర్థం చెప్పేస్తుంటారు, అరబ్బీలో 'మాత' అంటే చచ్చాడు కాబట్టి. కానీ పారశీకంలో మాత్ అంటే దిక్కుతోచని, ఏ దారీ మిగలని అనే అర్థం ఉంది, నాకు అదే సబబుగా అనిపిస్తుంది. చదరంగంలో రాజు ఎప్పుడూ చావడు కదండీ. మిగతా అన్ని పావుల్నీ చంపి పక్కన పడేస్తాం, రాజుని మాత్రం చుట్టుముట్టి కదలకుండా చేసి అక్కడితో ఆపేస్తాం. మన తెలుగు మాట దీన్ని ఎంత చక్కగా పట్టుకుందో చూడండి: ఆటకట్టు. చావు ప్రసక్తే లేదు, ఆట కట్టుబడిపోయింది, అంతే. 'వాడి ఆట కట్టించాలి' అంటాం కదా రోజూ, వాణ్ణి చంపాలని కాదు కదా మన ఉద్దేశం. (నవ్వులు) కొందరికి ఉంటుందేమో, నాకు తెలీదు.

ఇప్పుడు 'షా' ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక్క నిమిషం చూద్దాం, ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. పాత పారశీకంలో రాజుని 'ఖ్షాయథియ' అనేవారు. క్రీస్తుపూర్వం 520 ప్రాంతంలో డేరియస్ చక్రవర్తి బెహిస్తూన్ కొండ మీద చెక్కించిన శాసనంలో 'రాజులకు రాజు' అని తన బిరుదు ఈ మాటతోనే రాయించుకున్నాడు, తర్వాతి కాలపు షాహన్‌షా అదే. నోరు తిరగని ఆ ఖ్షాయథియ అరిగి అరిగి 'షా' అయింది. దాని ధాతువుకి అర్థం ఏలడం, అధికారం కలిగి ఉండటం. సంస్కృతంలో దానికి తోబుట్టువు 'క్షత్ర', అంటే రాజ్యాధికారం. ఆ క్షత్ర నుంచి వచ్చిందే క్షత్రియ. శాతవాహనులతో తలపడిన పశ్చిమ క్షత్రపులున్నారు కదా, ఆ క్షత్రప అనే బిరుదూ ఈ కుటుంబంలోదే, పారశీక సామ్రాజ్యంలో రాష్ట్రపాలకుడి పదవి పేరు అది. అంటే క్షత్రియుడూ, క్షత్రపుడూ, ఇరాన్ షా, మీ జేబులో ఉన్న చెక్కూ, దూరపు చుట్టాలు. ఇరాన్‌లో షాల పాలన 1979లో పోయింది. ఈ మాట మాత్రం హాయిగా ఉంది.

సరే, రాజుకి ఆపద అనే అర్థం నుంచి మిగతావన్నీ ఎలా పుట్టాయి? బల్ల ముందు కూర్చుని ఆలోచిస్తే తేలిగ్గానే అర్థమవుతుంది. నువ్వేదో పెద్ద ప్లాన్‌లో ఉన్నావు. మూడు ఎత్తుల తర్వాత అవతలివాడి ఏనుగుని కొట్టేయాలని. అంతలో వాడు 'చెక్' అన్నాడు. నీ ప్లాన్ ఆగిపోయింది. ఇక నీకు ఉన్నవి మూడే దారులు: రాజుని జరపాలి, మధ్యలో ఏదైనా అడ్డుపెట్టాలి, లేదా దాడి చేసిన పావునే చంపాలి. ఇంకేమీ చేయడానికి వీల్లేదు. ఉన్నపళంగా ఆగిపోవడం, అదీ చెక్. 14వ శతాబ్దానికల్లా ఇంగ్లీషులో చదరంగం బయట కూడా దీన్ని 'హఠాత్తుగా అడ్డు తగలడం' అనే అర్థంలో వాడారు. వేట డేగల్ని పెంచేవాళ్ళు కూడా వాడారు, డేగ తను తరుముతున్న పిట్టని వదిలేసి మధ్యలో కనబడ్డ ఇంకేదో పిట్ట మీదికి పోతే దాన్ని చెక్ అనేవారు.

ఆపడం నుంచి అదుపు వచ్చింది. ఒక్కసారి ఆపితే ఆపడం, ఎప్పుడూ ఆపుతూ ఉంటే అదుపు. కోపాన్ని చెక్‌లో పెట్టుకో అంటే ఇదే. రాజ్యాంగాల గురించి మాట్లాడేటప్పుడు 'చెక్స్ అండ్ బ్యాలన్సెస్' అంటారే, ఒక వ్యవస్థ ఇంకోదాన్ని హద్దు మీరకుండా పట్టి ఉంచడం, అదీ ఇదే చెక్. దాన్ని 'తనిఖీలు, నిల్వలు' అని అనువదించిన మహానుభావుణ్ణి నేను చూశాను. నేను కాదు, ఒట్టు. (నవ్వులు)

మరి తనిఖీ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇక్కడ ఒక చిన్న మలుపు ఉంది. మోసం జరక్కుండా ఆపాలంటే ఏం చేయాలి? రెండో ప్రతి ఒకటి ఉంచుకుని పోల్చి చూడాలి. లెక్క తప్పు పోకుండా అదుపు చేయాలంటే ఇంకోసారి లెక్కపెట్టాలి. అదుపు చేసే పద్ధతే సరిచూడటం కాబట్టి, అదుపు అనే మాట మెల్లగా సరిచూడటం మీదికి జారింది. 17వ శతాబ్దం చివరికి ఈ అర్థం స్థిరపడింది. ఇవాళ మనకి మొదట తట్టేది ఇదే, అసలు వరసలో మాత్రం బాగా చిన్నవాడు. నా మంటల వాక్యంలో నేను చేసిన తప్పు అక్కడే, మనవడి పేరు పట్టుకుని తాత ఇంటికి వెళ్ళాను. అన్‌చెక్డ్ అనే మాటలో ఇప్పటికీ రెండర్థాలూ కాపురం చేస్తున్నాయి. 'అన్‌చెక్డ్ పవర్' అంటే అదుపు లేని అధికారం, 'అన్‌చెక్డ్ ప్రూఫ్' అంటే ఎవరూ చూడని ప్రూఫు. పక్కనున్న మాట చూస్తే తప్ప తెలీదు.

ఇక గళ్ళు. రాజు నిలబడ్డ బల్లకి గళ్ళుంటాయి కదా. పాత ఫ్రెంచిలో చదరంగం బల్లని 'ఎస్చెకియే' అనేవారు, ఇంగ్లీషుకొచ్చి అది చెకర్ అయింది, దాన్ని కోసేస్తే గళ్ళకి చెక్ అనే పేరు మిగిలింది. మీలో చెక్స్ షర్ట్ వేసుకొచ్చినవాళ్ళు... ఒకరు, ఇద్దరు, అదుగో ఇంకొకరు. మీరు రాజుగారి బల్ల ఒంటికి చుట్టుకుని వచ్చారు. పోర్చుగీసులో షద్రేస్ అంటే చదరంగమూ, గళ్ళబట్టా రెండూ. వాళ్ళది వేరే మూలం నుంచి వచ్చిన మాట, అయినా అదే పనిచేసింది. గళ్ళు కనబడితే చదరంగం గుర్తు రావడం మనిషికి సహజం అనుకుంటాను.

ఇంతవరకూ బానే ఉంది. కానీ చదరంగం బల్ల నుంచి బ్యాంకు చెక్కు దాకా ఎలా వచ్చాం? దీనికి మనం 12వ శతాబ్దపు ఇంగ్లండ్‌కి వెళ్ళాలి, మొదటి హెన్రీ రాజు కాలానికి. ఆయన ఖజానా లెక్కలు చూసుకోడానికి ఒక బల్ల ఉండేది. పది అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. లెక్కకి వాడే బిళ్ళలు దొర్లి కింద పడకుండా చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తు అంచు. దాని మీద గీతలు గీసిన నల్లబట్ట పరిచేవారు. గీతకీ గీతకీ మధ్య ఒక అడుగో, జానెడో ఖాళీ. ఇవన్నీ నేను కల్పించి చెప్పడం లేదు, 1170ల చివర్లో రిచర్డ్ ఫిట్జ్‌నీల్ అనే కోశాధికారి ఇదంతా లాటిన్‌లో గురుశిష్యుల సంభాషణగా రాసిపెట్టాడు. శిష్యుడు అడుగుతాడు, దీన్ని ఎక్స్‌చెకర్ అని ఎందుకు పిలుస్తారని. గురువు చెప్పే జవాబేమంటే, చూడ్డానికి చదరంగం బల్లలా ఉంటుంది కాబట్టి, అంతకన్నా మంచి కారణం ఏదీ నాకు తోచడం లేదు అని. అక్కడితో ఆగడు. చదరంగంలో ఇద్దరు రాజులు కొట్టుకున్నట్టు ఇక్కడ కోశాధికారీ, శిస్తు వసూలు చేసి తెచ్చిన షెరీఫూ కొట్టుకుంటారు, మిగతావాళ్ళు న్యాయమూర్తుల్లా కూర్చుని చూస్తారు అంటాడు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండి ఇంత సరదాగా రాసినవాడు, మెచ్చుకోవాలి.

లెక్క ఎలా వేసేవారో చూపిస్తాను. ఈ బల్ల అదే అనుకోండి. ఒక్కో విలువకి ఒక్కో నిలువు గడి. నా కుడిచేతి వైపు చివర పెన్నీలు, దాని పక్క గడి షిల్లింగులు, తర్వాత పౌన్లు, తర్వాత ఇరవై పౌన్లు, తర్వాత వందలు, అలా ఎడమకి. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌను. షెరీఫు కట్టాల్సింది 123 పౌన్ల 6 షిల్లింగుల 8 పెన్నీలు అనుకోండి. పెన్నీల గడిలో ఎనిమిది బిళ్ళలు, షిల్లింగుల గడిలో ఆరు, పౌన్ల గడిలో మూడు, ఇరవైల గడిలో ఒకటి, వందల గడిలో ఒకటి. అయిందా? షెరీఫు వంద పౌన్లు తెచ్చాడు. ఆ వందకి ఒక బిళ్ళ కింది వరసలో వందల గడిలో పెట్టారు. పైదీ కిందదీ చెల్లు. రెండూ తీసేశారు. బల్ల మీద మిగిలింది బాకీ, 23 పౌన్ల 6 షిల్లింగుల 8 పెన్నీలు. చదువు రానివాడికి కూడా కళ్ళకి కట్టినట్టు కనబడుతుంది. అప్పుడు వాళ్ళు రాసే అంకెలు రోమన్ అంకెలు, వాటితో తీసివేత చేసి చూడండి ఒకసారి, తల ప్రాణం తోకకొస్తుంది. సున్నా కూడా లేదు వాళ్ళకి. కానీ ఈ బల్ల మీద సున్నా అవసరమే రాలేదు, గడి ఖాళీగా ఉంటే అదే సున్నా.

ఆ బల్ల పేరే ఆ శాఖకి పేరైంది, ఎక్స్‌చెకర్. మధ్యలో ఆ 'ఎక్స్' ఎక్కడిదంటారా? పాత ఫ్రెంచి మాట మొదట్లో 'ఎస్' ఉంది కదా, అది లాటిన్ 'ఎక్స్' చెడిపోయి అలా అయిందేమో అనుకుని చదువుకున్నవాళ్ళు దిద్దేశారు. లేని తప్పు దిద్దారు. అలాంటివాళ్ళు అన్ని భాషల్లోనూ ఉంటారు. బ్రిటన్ ఆర్థికమంత్రిని ఇవాళ్టికీ చాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్ అంటారు, అంటే అక్షరాలా చదరంగం బల్ల అధికారి.

ఆ బల్ల దగ్గరే ఇంకో వస్తువు ఉండేది, లెక్క కర్ర. ట్యాలీ అనేవారు. షెరీఫు డబ్బు కట్టినట్టు రసీదు అన్నమాట. ఒక పుల్ల తీసుకుని గాట్లు పెట్టేవారు, ఎంత డబ్బుకి ఎంత గాటు అనేది కూడా మన కోశాధికారి రాసిపెట్టాడు. వెయ్యి పౌన్లకి అరచెయ్యంత మందం గాటు, వందకి బొటనవేలంత, ఇరవైకి చిటికెనవేలంత, ఒక పౌనుకి బాగా పండిన బార్లీ గింజంత, షిల్లింగుకి ఇంకా సన్నంగా, పెన్నీకి కర్ర ఏమీ తియ్యకుండా ఊరికే కత్తిగీత. తర్వాత ఆ పుల్లని నిలువునా చీల్చి, ఒక చీలిక కట్టినవాడికి, రెండోది ఖజానాకి. తర్వాత ఎప్పుడైనా గొడవొస్తే రెండూ కలిపి చూడటమే. గాట్లు కలిస్తే సరే. ఒకడు తన చీలిక మీద కొత్త గాటు పెడితే రెండోదాని మీద అది ఉండదు కదా, దొరికిపోతాడు. మోసాన్ని ఆపడానికి పోల్చి చూడటం అని ఇందాక అన్నానే, అది చేత్తో పట్టుకుంటే ఇలా ఉంటుంది.

ఈ పుల్లల పద్ధతి ఎన్నాళ్ళు నడిచిందనుకుంటున్నారు? 1826 దాకా! ఆవిరి యంత్రాలు వచ్చాక కూడా అక్కడ పుల్లలు గీస్తూనే ఉన్నారు. 1782లోనే రద్దు చేస్తూ చట్టం చేశారు గానీ ఆ ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు పోయేదాకో, దిగిపోయేదాకో కదిలించకూడదని అందులోనే ఒక మెలిక. ఆ తర్వాత పాత పుల్లలు గుట్టలు గుట్టలు మిగిలిపోయాయి. 1834 అక్టోబరు 16న వాటిని ప్రభువుల సభ కింద ఉన్న కొలుముల్లో వేసి తగలబెట్టమన్నారు. రెండు బండ్ల పుల్లలు. ఎండి ఉన్నాయి, పొగగొట్టాలు కాలిపోయేంత మండాయి, సాయంత్రానికి పార్లమెంటు భవనం అంటుకుంది. రెండు సభలూ కాలిపోయాయి. పక్కనున్న వెస్ట్‌మినిస్టర్ హాలు ఎలాగో దక్కింది. ఇప్పుడు ఫొటోల్లో మనం చూసే పార్లమెంటు భవనం ఆ తర్వాత కట్టింది. చూడండి ఎలా కుదిరిందో, ఆ మంటల్ని నిజంగానే ఎవరూ తనిఖీ చేయలేదు. నా అనువాదం ఆ ఒక్క అగ్నిప్రమాదానికి సరిపోయేది. (నవ్వులు, చప్పట్లు)

ఇక చెక్కు దగ్గరికి వద్దాం, ఇది త్వరగా అయిపోతుంది. ఫలానావాడికి నా డబ్బులోంచి ఇంత ఇవ్వండి అని లండన్‌లో స్వర్ణకార బ్యాంకర్లకి చీటీ రాసే అలవాటు 17వ శతాబ్దంలో వచ్చింది, 1659 నాటి చీటీ ఒకటి ఇప్పటికీ ఉంది. కానీ దాన్ని అప్పుడు చెక్కు అనలేదు. 18వ శతాబ్దం మొదట్లో చెక్ అంటే అసలు కాగితం కాదు, బ్యాంకువాడి దగ్గర ఉండిపోయే రెండో ముక్క, మనం కౌంటర్‌ఫాయిల్ అంటామే అది. దొంగ కాగితం వస్తే దాంతో పోల్చి పట్టుకుంటారు, కాబట్టి అది చెక్. మెల్లగా ఆ పేరు పక్కముక్క నుంచి అసలు ముక్క మీదికి పాకింది. పుల్ల చీలిక గుర్తొచ్చిందా? అదే బుద్ధి, కర్ర పోయి కాగితం వచ్చింది.

స్పెల్లింగ్ అమెరికావాళ్ళు సి, హెచ్, ఇ, సి, కె అనే ఉంచుకున్నారు. బ్రిటిష్‌వాళ్ళు చివర క్యూ, యు, ఇ పెట్టారు. 1828లో గిల్బార్ట్ అనే బ్యాంకరు, జేమ్స్ విలియం గిల్బార్ట్, తన పుస్తకంలో ఇలా ఎందుకు రాస్తున్నాడో కారణం చెప్పుకున్నాడు, మిగతా చెక్‌లతో తికమక ఉండదు, పైగా ఎక్స్‌చెకర్‌లో ఉన్నట్టే ఉంటుంది అని. అంటే చెక్కుకి స్పెల్లింగ్ ఇచ్చింది కూడా ఆ గళ్ళబల్లే. నాకు బ్రిటిష్ స్పెల్లింగే నచ్చుతుంది, పాత బంధుత్వం కళ్ళకి కనబడుతుంది కాబట్టి.

టోకెన్ సంగతి కూడా ఇంతే. అమెరికా రైళ్ళలో పెట్టె అప్పగిస్తే నంబరున్న ఇత్తడి బిళ్ళ ఒకటి పెట్టెకి కట్టి, అదే నంబరుది ఇంకోటి మన చేతికిచ్చేవారు. దిగాక రెండూ కలిపి చూసి పెట్టె ఇస్తారు. అది చెక్. విమానాశ్రయంలో చెక్-ఇన్ సామాను ఆ ఇత్తడి బిళ్ళ మనవరాలు. బేస్‌బాల్ ఆటకి వర్షం అడ్డొస్తే ఇంకో రోజు ఆటకి పనికొచ్చే చీటీ ఇచ్చేవారు, 1880ల నుంచి, అది రెయిన్ చెక్. ఇప్పుడు ఎవరైనా భోజనానికి పిలిస్తే 'రెయిన్ చెక్ తీసుకుంటా' అంటారు, ఈసారికి వద్దు, ఇంకోసారి వస్తా అని. హోటల్ బిల్లునీ అలాగే చెక్ అన్నారు. కాబట్టి అమెరికాలో 'చెక్ ఇవ్వండి' అంటే డబ్బు వస్తుందో, డబ్బు పోతుందో మీరు ఎక్కడ కూర్చున్నారనే దాన్ని బట్టి ఉంటుంది.

చెక్ అవుట్ గురించి మాట్లాడితే ఇంకో గంట పడుతుంది. గది ఖాళీ చేయడం, లైబ్రరీ నుంచి పుస్తకం తీసుకోవడం, ఎవరినో ఎగాదిగా చూడటం, చెప్పిన మాట నిజమని తేలడం, నాలుగూ అదే. వదిలేద్దాం.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పమ్మా.

(ఒక శ్రోత: మనం 'చెక్కు చెదరకుండా' అంటాం కదండీ, అది కూడా ఇదేనా?)

ఇది ఎవరో ఒకరు అడుగుతారని ఎదురుచూస్తున్నాను, థాంక్స్ అమ్మా. కాదు. అది మన అచ్చ తెలుగు చెక్కు. చెక్కు అంటే పైతొక్క, పైపొర. కనీసం పైతొక్క కూడా కదల్లేదు, అంత భద్రంగా ఉంది అని. శిల్పం చెక్కడం, పెన్సిలు చెక్కడం, అదంతా ఆ వైపు కుటుంబం. నాకూ ఒకప్పుడు ఆశ పుట్టింది, పుల్ల మీద గాట్లు చెక్కారు, చెక్కు అయింది అని చెప్పేస్తే ఎంత బావుంటుందో అని. వినడానికి చాలా బావుంటుంది. ఒక్క ఆధారం లేదు. రెండు మాటలు ఒకేలా వినబడితే చుట్టాలైపోవు, వాటి పాత రూపాలేమిటి, ఏ దారిన ఏ కాలంలో వచ్చాయి అని చూడాలి. చెక్‌కి ఆ దారి మొత్తం కనబడుతోంది: షా, స్కాకుస్, ఎస్చెక్, చెక్. తెలుగు చెక్కు ఆ దారిలో ఎక్కడా లేదు.

(ఇంకో శ్రోత: చెక్ రిపబ్లిక్, సార్?)

అదీ కాదు. ఆ జాతి పేరు వాళ్ళ భాషలో చెఖ్ అని పలుకుతారు. ఇంగ్లీషులో ముందు సి, జెడ్ పెట్టి రాయడం పోలిష్‌వాళ్ళ రాత పద్ధతి నుంచి వచ్చింది. తెలుగులో రాస్తే మనకి మూడూ ఒకేలా కనబడతాయి, అది మన లిపి చేసిన చమత్కారం.

(మొదటి వరసలోంచి: మరి మీ మంటల వాక్యం ఎలా రాయాల్సింది?)

'అడ్డూ అదుపూ లేకుండా మంటలు వ్యాపించాయి.' అంతే. ఆ పెద్దాయన ఫోన్‌లో తిట్టేటప్పుడు మధ్యలో ఈ వాక్యం కూడా చెప్పారు, నేను తిట్ల ధ్యాసలో పడి రాసుకోలేదు. అడ్డు అంటే చెక్‌కి మొదటి అర్థం, అదుపు అంటే రెండోది, రెండూ కలిసి జంటగా మన నాలుక మీదే ఉన్నాయి, నేను వెళ్ళి మూడో అర్థాన్ని పట్టుకున్నాను.

అదుగో, టైమైపోయిందని నిర్వాహకులు చీటీ పంపారు. దీన్ని కూడా చెక్ అనొచ్చండీ, చీటీ అనే అర్థంలోనూ, నన్ను ఆపారు అనే అర్థంలోనూ.